పందొమ్మిది మంది గర్భిణులకు ఒకే నంబరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "మేడమ్, మీ సర్వీసులో మీకు బాగా పేరు తెచ్చిన పని ఏది?" పేరు తెచ్చినవి చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకని పరువు తీసిన పని చెబుతాను. అది కాస్త పొడుగు. వినేవాళ్ళకు అదే ఎక్కువ నచ్చుతుంది కూడా. పెద్దవాళ్ళు బోల్తా పడ్డ కథలు వినడంలో ఉన్న సుఖం నేనూ నా వయసులో బాగానే అనుభవించాను, తప్పు పట్టను.

నేను విజయనగరం దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. నర్సు ట్రైనింగ్ అయ్యాక అరకు వైపు కొండల్లో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేశారు. రెండేళ్ళుండి కిందకు బదిలీ పెట్టుకుందామనుకున్నాను. ముప్పై మూడేళ్ళుండి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. నాకు రెండు విషయాల్లో పేరుండేది. ఒకటి, నా రిజిస్టరులో కొట్టివేత ఉండదు. రెండు, నా నోరు. మొదటిదాని గురించి నేను చెప్పుకునేదాన్ని, రెండోదాని గురించి మిగతా అందరూ చెప్పుకునేవాళ్ళు.

నా సర్వీసు చివరి సంవత్సరాల్లో మా ఆస్పత్రికి ఫోన్ల పథకం వచ్చింది. ముందు మా ఒక్క ఆస్పత్రిలో చేసి చూస్తామన్నారు. ఊళ్ళలో ఆశా కార్యకర్తలుంటారు కదా, వాళ్ళందరికీ తలో ఫోను ఇచ్చారు. అందులో ఒక యాప్. గర్భిణి పేరు, ఊరు, నెలలు, ఎవరిదైనా ఒక ఫోను నంబరు ఎక్కించాలి. ఆ తర్వాత పని కంప్యూటరుదే. టీకా ఎప్పుడు, మాత్రలు ఎలా వేసుకోవాలి, కాన్పుకి ముందు కొండ దిగి మా ఆస్పత్రి పక్కనున్న గర్భిణుల వసతి గృహానికి ఎప్పుడు రావాలి అన్నీ ఆ నంబరుకి ఫోను చేసి ఒక ఆడగొంతు చెబుతుంది. మొత్తం విన్నారా, మధ్యలో పెట్టేశారా అన్నది కూడా కంప్యూటరుకి తెలుస్తుంది. మొత్తం వింటే మా తెర మీద ఆ పేరు పక్కన పచ్చ చుక్క పడుతుంది.

పథకాన్ని తయారుచేసిన ఇంజినీరు ముప్పై దాటని అబ్బాయి. మర్యాదస్థుడు. మా కొండల్లో సిగ్నల్ ఉండదని అతనికి ముందే చెప్పారు గానీ, ఆ మాటకు అర్థం ఏమిటో ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆశాలు ఊళ్ళో వివరాలు రాసుకుని, సిగ్నల్ దొరికే బండ మీదికెక్కి పంపేవాళ్ళు. ఆ బండ మీద అతను కూడా ఒక పూట చలిలో వణుకుతూ కూర్చున్నాడు.

ఏడాది తిరిగేసరికి మంచి ఫలితం వచ్చింది. అంతకుముందు నొప్పులు మొదలయ్యాక డోలీలో వచ్చే ఆడవాళ్ళు, ఇప్పుడు రోజులు ఉండగానే మూట పట్టుకుని తమంతట తాము దిగి వస్తున్నారు. వసతి గృహంలో వంట చేసే ఆయా బియ్యం చాలడం లేదని నా మీద కేకలేయడం మొదలుపెట్టింది. అంతకన్నా మంచి కబురు ఆ ఆస్పత్రిలో నేనెప్పుడూ వినలేదు.

అలా పథకం పెద్దదైంది. అటు గుమ్మలక్ష్మీపురం నుంచి ఇటు అడ్డతీగల దాకా కొండ మండలాలన్నిటికీ ఇస్తామన్నారు. అంత పెద్ద పని కాబట్టి లెక్కలు శుభ్రంగా ఉండాలి అన్నారు. కొత్తగా వచ్చిన యాప్‌లో ఒక నంబరుకి ఒకే గర్భిణి. ఒకటే నంబరు రెండోసారి కనిపిస్తే ఆ వరుస ఎర్రగా మారుతుంది. మా ఆస్పత్రి పట్టిక తెరిచి చూస్తే ఒకే ఆశా పేరు కింద పందొమ్మిది వరుసలు ఎర్రగా ఉన్నాయి. కొట్టివేత లేని రిజిస్టరు రాసిన మనిషిని. నా కడుపు ఎలా మండిందో మీరే ఊహించుకోండి.

ఆ ఆశా నలభై దాటిన మనిషి. పైకొండ ఊళ్ళన్నీ ఆవిడవే. చదువు ఐదో తరగతి. మా ఆస్పత్రిలో అందరికన్నా ఎక్కువమందిని వసతి గృహానికి చేర్చేది కూడా ఆవిడే. నెల మీటింగులో అందరి ముందూ లేపి నిలబెట్టాను.

"ఈ నంబరు ఎవరిది?"

"షావుకారిదమ్మా. సంతలో ఉప్పు, ఎండుచేపలు అమ్ముతాడు గదా, ఆయనిది."

"పందొమ్మిది మందికీ ఆయన నంబరేనా? నెలలు నిండుతున్నది ఆయనకా?"

మిగతా ఆశాలు కిసుక్కుమన్నారు. నాకింకా ఊపొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"మా ఊళ్ళకాడ సిగ్నలు నేదు గదమ్మా, ఫోన్లెవులికి ఉన్నాయి? సంతకైతే అందరూ వత్తారు. ఆయన సెప్తాడు..."

"ఆయన సంగతి నాకెందుకు? ఫోను అడిగితే చేతికి తోచిన నంబరు కొట్టేసి చేతులు దులుపుకున్నావు. రెండు రోజుల్లో అన్నీ మార్చాలి. ఎవరి చుట్టాల నంబర్లు వాళ్ళకి."

"అది కాదమ్మా..."

"కూర్చో."

కూర్చుంది. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు. రెండు రోజుల్లో పందొమ్మిది మందికీ ఎవరో ఒక చుట్టం నంబరు తెచ్చింది. ఎర్ర వరుస ఒక్కటి లేదు. పైనుంచి నాకు మెచ్చుకోలు వచ్చింది. ఇంకొక విశేషం, మిగతా మండలాల ఆశాలకు పాఠం చెప్పడానికి మంచి పనిమంతురాలు కావాలంటే ఈవిడ పేరే రాశాను. నాలుగు రోజుల ట్రైనింగుకి కిందకు పంపాను. మందలించాను కదా, ఇలాగైనా మంచి చేద్దామనుకున్నాను. ఆ నాలుగు రోజులూ పైకొండ ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు ఎవరూ ఉండరన్న ఆలోచన నాకు రాలేదు.

ఆ పైకొండ ఊళ్ళో ఒకమ్మాయి ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఇది రెండోది. ఆఖరి పరీక్షలో బీపీ ఎక్కువగా ఉంది, కాళ్ళు వాచి ఉన్నాయి. మాత్రలిచ్చాం. మా డాక్టరు గారు, ఆయన కూడా కుర్రాడే, కాగితం మీద గట్టిగా రాశారు: వచ్చే సంత రోజుకి ముందే ఈమె వసతి గృహంలో ఉండాలి. బీపీ ఇంకా పెరిగితే గుర్రపువాతం వస్తుంది. ఫిట్స్ వచ్చాయంటే కొండ మీద తల్లికీ బిడ్డకీ దిక్కు లేదు. అలా పోయినవాళ్ళను నేను ఇద్దరిని చూశాను. ఇద్దరి ముఖాలూ ఇప్పటికీ చెప్పగలను.

సంత రోజు పొద్దున తెర చూశాను. ఆ అమ్మాయి పేరు పక్కన మూడు ఫోన్లకు మూడు పచ్చ చుక్కలు. అన్నీ మొత్తం విన్నారు. హాయిగా టీ తాగి వసతి గృహం వైపు వెళ్ళాను. ఆయా ఉల్లిపాయలు తరుగుతోంది.

"పైకొండ పిల్ల ఏ గదిలో ఉంది?"

"ఏ పిల్లమ్మా? ఎవులూ రానేదు."

గదులన్నీ నేనే చూశాను. లేదు. ఆ నంబరుకి ఫోను కొట్టాను. అవతల మగగొంతు. అమ్మాయి భర్తకు మేనమామట. విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్.

"అవునండి మేడమ్, ఒకావిడ ఫోన్ సేత్తాది. మంచి మాటలే సెప్తాది. పూర్తిగా ఇనీసే పెట్టేత్తాను."

"విని ఏం చేశావయ్యా?"

"ఆకుకూరలు తినమంది. తింటన్నానండి."

నవ్వు రావాల్సిన మాటే. ఇప్పుడు చెబుతుంటే నాకూ వస్తుంది. అప్పుడు మాత్రం మెట్ల మీద కూర్చుండిపోయాను. మూడు పచ్చ చుక్కలూ విశాఖపట్నంలో ఒక గేటు దగ్గర పడ్డాయి.

ఆశా ఇంకా ట్రైనింగులోనే ఉంది. ఆ ఊరికి దారి రోడ్డు చివరి నుంచి రెండు గంటల ఎక్కుడు. అమ్మాయి ఊళ్ళో ఉందో, చేలో ఉందో కూడా తెలియదు. అప్పుడు షావుకారు గుర్తొచ్చాడు. బీపీ మిషను, మందుల సంచీ భుజాన వేసుకుని, డాక్టరు గారికి చెప్పి, సంతలోకి నడిచాను.

సంత అప్పుడప్పుడే నిండుతోంది. పసుపు కొమ్ములు, రాజ్మా, కొండచీపుళ్ళు దించుకుని ఆడవాళ్ళు ఊరి వరసన కూర్చుంటున్నారు. షావుకారు ఉప్పు బస్తాల మధ్య ఉన్నాడు. కింద నుంచి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడే దుకాణం పెట్టుకున్న మనిషి. అరవై ఏళ్ళు, పెద్ద మీసం, పెద్ద పొట్ట.

నన్ను చూడగానే లేచాడు. "రండి సిస్టరమ్మ గారూ. నాకు ఫోన్లు రావడం మానీసాయేటండి? పథకం ఎత్తేసారా?"

"మీకు ఫోన్లొస్తే మీరేం చేసేవారు?"

"సెప్పీవోణ్ణి గదండి! ఏ ఊరి పిల్లకి ఏ మాటో సీటీ మీద రాసుకుని, సంతకొచ్చినప్పుడు సెప్పీవోణ్ణి. పిల్ల రాకపోతే ఆ ఊరోళ్ళ ఉప్పు పొట్లానికి తాడు కట్టి పంపీవోణ్ణి."

"తాడేమిటి?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. కొండల్లో పండక్కి చుట్టాలను పిలిచేటప్పుడు తాడుకి ముడులు వేసి పంపుతారు. రోజుకో ముడి విప్పుకుంటారు. ఆఖరి ముడి విప్పిన రోజు బయలుదేరతారు. ముప్పై ఏళ్ళు ఇక్కడుండి అది నాకు తెలియనిది కాదు. నన్నూ అలా పిలిచారు, వెళ్ళి భోంచేశాను కూడా. అది గర్భిణులకు పనికొస్తుందని నాకు తట్టలేదు, అంతే.

"ఎంత మంచి ఆలోచన చేశారండీ" అన్నాను.

"నానెక్కడ సేసానండి? మీ ఆశమ్మే నేర్పింది. మొదటి ఫోను రాకముందే వచ్చి కూకుంది. నీ నంబరు రాత్తన్నాను, ఒకావిడ నీకు నెలలు నిండినాయంటాది, ఇసుక్కోకు, ఇలాగిలాగ సెయ్యి అంది. మా ఆడది మొదట్లో నవ్వలేక సచ్చిందండి."

చేతికి తోచిన నంబరు కొట్టేసిందని నేను అందరి ముందూ అన్న మనిషి, మా అందరికన్నా ముందే ఆలోచించి ఆ నంబరు రాసింది. నాకు సిగ్గేసింది. కానీ సిగ్గుపడుతూ కూర్చోవడానికి టైము లేదు. అమ్మాయి సంగతి చెప్పాను. షావుకారు బస్తా మీదికెక్కి సంతంతా చూశాడు. ఆ ఊరివాళ్ళు కూర్చునే చోటు ఆయనకు తెలుసు. అమ్మాయి ఆడపడుచును పిలుచుకొచ్చాడు.

"ఎలా ఉందమ్మా మీ వదిన?" అన్నాను.

"రేతిరి నుంచి తలనొప్పంటంది. కళ్ళు మసకలంట. కోతలు గదా, సేలో పాకలో ఉన్నాది."

తలనొప్పి, చూపు మసక అంటే ఫిట్స్ గుమ్మం దాకా వచ్చినట్టే. "మరి దించుకురాలేదేం?"

ఆమె షావుకారు వైపు తిరిగింది. "తాడు రానేదు గదా. తాడొత్తే దిగుదుమని సూత్తన్నాం."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది భయం ఒక్కటే కాదు. నా మీద నాకు అసహ్యం వేసింది. అది దాచుకోను. వాళ్ళు నిర్లక్ష్యం చేయలేదు. మేమే నేర్పిన పద్ధతిని నమ్ముకుని, దానికోసం ఎదురుచూస్తున్నారు. ఆ తాడును తెంపింది నేను.

షావుకారు గొంతెత్తాడు. "కల్లు ముట్టనోళ్ళు నలుగురు రండ్రా!" జీలుగు కల్లు కుండలు దిగిన సంతలో అది చిన్న కోరిక కాదు. అయినా దొరికారు. ఒకడు కొంచెం ముట్టినట్టే అనిపించింది గానీ, నడక బాగానే ఉంది, ఊరుకున్నాను. షావుకారు వారానికి ఒక్కరోజు సాగే దుకాణాన్ని భార్యకు అప్పగించి తనూ బయలుదేరాడు. దారిలో గెడ్డ, అంటే కొండవాగు, దాకా వచ్చి, "ఇక నా వల్ల కాదమ్మా, మీరు బేగెల్లండి" అని రాయి మీద కూలబడ్డాడు. నాకూ యాభై తొమ్మిదేళ్ళు. ఆ రోజు ఆ ఎక్కుడు ఎలా ఎక్కానో తెలియదు.

పాకలో ఆ అమ్మాయి గోడకు ఆనుకుని రెండు చేతులతో తల పట్టుకుని ఉంది. పక్కన మొగుడు బిక్కచచ్చి నిలబడ్డాడు. నన్ను గుర్తుపట్టడానికి ఆ అమ్మాయికి కొంచెంసేపు పట్టింది.

"తాడు తెచ్చినావా?" అంది.

"లేదమ్మా. నేనే వచ్చాను."

బీపీ చూశాను. ఆ అంకె ఇక్కడ రాయను, నర్సులకు నిద్ర పట్టదు. ఫిట్స్ రాకుండా ఆపే ఇంజక్షను తొలి మోతాదు మాలాంటివాళ్ళం ఇవ్వొచ్చు. ఏది ఎంత ఇవ్వాలో డాక్టరు గారు బయలుదేరే ముందే చెప్పి, తను అంబులెన్సుతో రోడ్డు చివర ఉంటానన్నారు. ఇచ్చాను. దుప్పటీ, వెదురు బొంగు తెచ్చి నలుగురూ డోలీ కట్టారు. దిగుతున్నంతసేపూ ఆ అమ్మాయి చేయి పట్టుకుని ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను, మధ్యలో తను పలకడం మానేస్తుందేమోనని. మీ ఇంట్లో ఎన్ని కోళ్ళున్నాయి అని కూడా అడిగాను. ఏడు అంది. మళ్ళీ అడిగాను. "సెప్పినాను గదా" అని విసుక్కుంది. ఆ విసుగు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎండ ఉండగానే రోడ్డు చేరాం. అంబులెన్సులో తీసుకెళ్ళిన పెద్దాస్పత్రిలో మర్నాడు పొద్దున ఆడపిల్ల పుట్టింది. చిన్నది గానీ గొంతు పెద్దది. తల్లి బీపీ రెండు రోజుల్లో దిగింది. డాక్టరు గారు ఫోన్లో ఆ మాట చెప్పాక నేను వసతి గృహానికి వెళ్ళి, ఆయా చేసిన అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

ఆ వారమే సమీక్ష మీటింగు. నా పచ్చ చుక్కల గురించి నేను పదిమందికీ చెప్పాల్సిన రోజు. లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వాచ్‌మన్ ఆకుకూరల దగ్గర కొందరు నవ్వారు. తాడు దగ్గర ఎవరూ నవ్వలేదు. ఇంజినీరు అబ్బాయి ముఖం చిన్నబోయింది.

"అయితే ఏడాదంతా పనిచేసింది మా ఫోను కాదా మేడమ్?" అన్నాడు.

"ఎందుకు కాదు బాబూ? ఎవరికి ఏ రోజో తప్పకుండా గుర్తుపెట్టుకుని షావుకారుకి చెప్పింది మీ ఫోనే. మా వల్ల ఏనాడూ కాలేదది. అక్కడి నుంచి కొండెక్కేది మాత్రం మనుషులు. నేను ఆ మనుషులను చెరిపేశాను."

అతను కాగితం తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో ఊరికి కబురు ఎవరి చేత వెళ్తుందో యాప్‌లో రాసే వీలు పెడతానన్నాడు, ఒకే మనిషి వందమందికి ఉన్నా సరే అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. తర్వాత తెలిసింది, ఒక మండలంలో పాస్టరు గారట, ఇంకోచోట దర్జీ అట, మరోచోట జీపు డ్రైవరట. కానీ ఆ రోజు అతను నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: "మీ పైకొండ ఊళ్ళకు ఎవరెవరిని రాయమంటారు మేడమ్?"

అది తెలిసిన మనిషి అప్పటికి ట్రైనింగు నుంచి తిరిగొచ్చింది. మర్నాడు ఆవిడ ఊరికి నేనే వెళ్ళాను. ఆస్పత్రికి పిలిపించుకోవచ్చు. బుద్ధి పుట్టలేదు. తిట్టింది నలుగురి ముందు కాబట్టి, ఆవిడ వాకిట్లో ఇరుగుపొరుగు చూస్తుండగానే చెప్పాను.

"నువ్వు చెబుతుంటే నేను వినలేదు. తప్పు నాదే."

ఆవిడ చాటలో రాజ్మా చెరుగుతోంది. చేతులు ఆగాయి గానీ తల ఎత్తలేదు.

"నువ్వు తిట్టినావని కాదమ్మా నాకు బాధ. నువ్వు తిట్టీసరికి నాను సెప్పడం మానీసినాను సూడు, అందుకు. ఆ పిల్లగుంటకేటైనా అయిపోతే నానేటి సేద్దును?"

ఆ భారం నాదనుకున్నాను. సంగతి తెలిసినప్పటి నుంచీ దాన్ని ఆవిడ కూడా మోస్తోంది. అరుగు మీద కూర్చుని నోట్‌బుక్ తీశాను.

"ఇప్పుడు చెప్పు. వింటాను."

"అంతా ఇంతావా? శానా ఉన్నాది."

"అంతా వింటాను."

చాట పక్కన పెట్టి అన్నిటికన్నా పైనున్న ఇంటితో మొదలుపెట్టింది. ఏ ఊరివాళ్ళు ఏ సంతకు దిగుతారు, ఏ నెలలో చేలో పడుకుంటారు, ఏ ఇంట్లో అత్తకు చెప్పాలి, ఏ ఇంట్లో అత్తకు తెలియకుండా చెప్పాలి. రాసుకుంటూనే ఉన్నాను. కొట్టివేతలు బోలెడు పడ్డాయి. ఎండ దిగిపోతోంది, చీకటి పడకముందే కిందకు చేరాలని గుర్తొచ్చి లేవబోయాను. ఆవిడ నా చేయి పట్టుకుని వెనక్కి లాగింది.

"కూకో. ఇంకా రెండూళ్ళున్నాయి."

కూర్చున్నాను.